విమానాశ్రయ భద్రతలో ఏది దాచాలి, ఏది చెప్పాలి

2002 జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నాడు, జాన్ గిల్మోర్ అనే కంప్యూటర్ నిపుణుడు కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ విమానాశ్రయానికి వెళ్లారు. వాషింగ్టన్ వెళ్లి ప్రభుత్వానికి తన అభ్యంతరాలు చెప్పుకోవాలని ఆయన ఉద్దేశం. కౌంటరులో గుర్తింపు కార్డు అడిగారు. ఏ నిబంధన ప్రకారం చూపించాలో ఆ నిబంధన తనకు చూపమన్నారు గిల్మోర్. సిబ్బంది చూపలేకపోయారు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయానికి వెళ్లినా అంతే జరిగింది. ఆయన విమానం ఎక్కకుండా వెనుదిరిగి కోర్టుకు వెళ్లారు. అక్కడ తేలిందేమిటంటే, నిబంధన ఉంది గాని అది రహస్యం. అప్పీలు కోర్టు న్యాయమూర్తులు ఆ ఆదేశాన్ని తెప్పించుకుని తాము మాత్రమే చదివారు, గిల్మోర్‌కు చూపలేదు. కార్డు లేనివారు అదనపు సోదాకు ఒప్పుకుంటే ప్రయాణించవచ్చు కాబట్టి ఆయన హక్కులకు భంగం కలగలేదని 2006 జనవరిలో తీర్పు చెప్పారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది.

మన దేశంలో ఈ పట్టుదల వింతగా తోచవచ్చు. మనకు టెర్మినల్ గుమ్మంలోనే టికెట్టు, కార్డు చూపడం అలవాటు. కార్డు అడగడం తప్పని నేనూ అనను. కానీ ఆ నిబంధన చూపమని గిల్మోర్ అడిగిన మాట మాత్రం కొట్టిపారేయదగింది కాదు. ఒక నిబంధన పౌరుడి కాళ్లకు అడ్డం పడుతున్నప్పుడు, దాన్ని చదివే హక్కు ఆ పౌరుడికి ఉందా?

భద్రత గురించి మాట్లాడేటప్పుడు "ప్రాణాలు ముఖ్యమా, స్వేచ్ఛ ముఖ్యమా" అని అడగడం ఆనవాయితీ. అలా అడిగితే ఎవరైనా ప్రాణాలే ముఖ్యమంటారు, చర్చ అక్కడితో ఆగిపోతుంది. విమానాశ్రయాల్లో గత 25 ఏళ్లలో నడిచిన కేసులను వరుసగా చూస్తే అసలు చిక్కు వేరే చోట కనిపిస్తుంది. బందోబస్తు ఎలా చేస్తారన్నది ఒక రహస్యం. ప్రయాణికుడిని ఏ నియమం కింద ఆపుతారన్నది మరో రహస్యం. ఆపడంలో అధికారి చేసిన పొరపాటు ఇంకో రహస్యం. ఈ మూడింటిలో మొదటిదాన్ని దాచడానికి గట్టి కారణాలున్నాయి. మిగతా రెండూ దాని చాటున దాక్కుంటున్నాయి.

దాచవలసినది నిజంగానే ఉంది

1985 జూన్ 23న ఎయిరిండియా "కనిష్క" విమానం ఐర్లాండ్ సమీపంలో సముద్రం మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబు ఉన్న సూట్‌కేసు వాంకూవర్‌లో విమానం ఎక్కింది. దాన్ని అప్పగించిన ప్రయాణికుడు మాత్రం ఎక్కలేదు. సామాను ఎక్కి మనిషి ఎక్కకపోతే ఆ సామాను దించేయాలన్న పట్టింపు ప్రపంచమంతటా బలపడడానికి ఆ దుర్ఘటన ఒక ముఖ్య కారణం. ఆ జాగ్రత్త వల్ల ఏ ప్రయాణికుడి స్వేచ్ఛకూ చెప్పుకోదగిన లోటు రాలేదు. 1999 డిసెంబరు 24న ఐసీ 814 విమానాన్ని హైజాక్ చేసి కాందహార్ తీసుకెళ్లారు. ప్రయాణికుల ప్రాణాల కోసం ముగ్గురు ఉగ్రవాదులను విడిచిపెట్టవలసి వచ్చింది. ఆ తర్వాతే మన విమానాశ్రయాల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి, అంటే సీఐఎస్ఎఫ్‌కు అప్పగించడం మొదలైంది. 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో ఆరంభించారు. ఈ చరిత్ర తెలిసినవారు ఎవరూ తనిఖీలు అనవసరమని అనలేరు.

తనిఖీ యంత్రం ఎంత లోహానికి మోగుతుందో, సాయుధ గార్డు ఏ విమానంలో కూర్చుంటాడో, ఏ సామానును రెండోసారి తెరుస్తారో అందరికీ తెలిస్తే దాడి చేసేవాడికి పని తేలికవుతుంది. అమెరికా చట్టంలో ఇలాంటి విషయాలకు "సున్నితమైన భద్రతా సమాచారం" అని ఒక వర్గం ఉంది. దేశ రక్షణ రహస్యాలకు ఉన్నంత కట్టుదిట్టం దానికి లేదు. ఏది ఈ వర్గంలోకి వస్తుందో ముందుగా నిర్ణయించేది కూడా రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏనే. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

2009 డిసెంబరులో బయటపడిన ఒక సంగతి ఈ తేడాను బాగా చూపిస్తుంది. టీఎస్ఏ తన తనిఖీ సిబ్బంది పాటించే కార్యవిధాన పుస్తకాన్ని పొరపాటున ఇంటర్నెట్‌లో పెట్టింది. రహస్య భాగాల మీద నల్ల పట్టీలు వేశారు గాని, ఆ పట్టీల కింది అక్షరాలను కాపీ చేసి వేరే పేజీలో అతికిస్తే చదవడానికి వస్తున్నాయి. లోహాన్ని పట్టే యంత్రాలను సరిచూసే పద్ధతి అందులో ఉంది. అది తప్పకుండా దాచవలసినదే. అదే పుస్తకంలో, అదే నల్ల పట్టీల కింద, ఏయే దేశాల పాస్‌పోర్టు ఉంటే అదనపు సోదా చేయాలో 12 దేశాల పేర్లు ఉన్నాయి. ఇది యంత్రానికి సంబంధించిన రహస్యం కాదు, పాస్‌పోర్టు ఇచ్చిన దేశాన్ని బట్టి మనుషులను వేరు చేసే విధానం.

ఆ నెలాఖరులో, క్రిస్మస్ నాడు, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్తున్న విమానంలో ఒక యువకుడు లోదుస్తుల్లో దాచిన పేలుడు పదార్థాన్ని వెలిగించబోయి పట్టుబడ్డాడు. 2010 జనవరి మొదట్లో అమెరికా ప్రభుత్వం 14 దేశాల నుంచి వచ్చేవారికి అదనపు సోదా తప్పనిసరి అని ఈసారి బహిరంగంగా ప్రకటించింది. ప్రకటించారు కాబట్టి ఆ దేశాలు నిరసన తెలిపాయి, పౌరహక్కుల సంఘాలు ప్రశ్నించాయి. ఒక పాస్‌పోర్టు రంగు చూసి ఉగ్రవాదిని పట్టగలమా అని నిపుణులూ అడిగారు. ఏప్రిల్ నాటికి ఆ విధానాన్ని పక్కనపెట్టి, నిర్దిష్టమైన నిఘా సమాచారం ఆధారంగా ఎంపిక చేసే పద్ధతి తెచ్చారు. నల్ల పట్టీ కింద ఉన్నంతకాలం ఆ ఆలోచనను ప్రశ్నించే వీలే లేదు. బయటికి వచ్చాక మూడు నెలల్లో మారింది.

ఫారంలో ఒక గడి

రహీనా ఇబ్రహీం మలేషియా దేశస్థురాలు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్నారు. 2005 జనవరి 2న పద్నాలుగేళ్ల కూతురితో కలిసి శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయానికి వచ్చారు. కొద్ది నెలల ముందే శస్త్రచికిత్స జరగడంతో చక్రాల కుర్చీ అడిగారు. కౌంటరులో ఆమె పేరు కొట్టగానే నో ఫ్లై జాబితాలో, అంటే విమానం ఎక్కనివ్వకూడనివారి జాబితాలో, ఉన్నట్టు వచ్చింది. పోలీసులు కూతురి కళ్లెదుటే ఆమె చేతులకు బేడీలు వేసి తీసుకుపోయారు. కొన్ని గంటల తర్వాత వదిలిపెట్టి, మర్నాడు విమానం ఎక్కనిచ్చారు. స్వదేశం చేరాక, చదువు కోసం తిరిగి రాబోతే వీసా రద్దయిందన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

2006లో ఆమె దావా వేశారు. అది విచారణ దాకా రావడానికి 2013 డిసెంబరు అయింది. మధ్యలో ప్రభుత్వం రకరకాల అభ్యంతరాలు లేవనెత్తింది. ఆమె విదేశీయురాలు కాబట్టి ఈ కోర్టుకు వచ్చే హక్కు లేదన్నారు. ఆమె పేరు జాబితాలో ఉందో లేదో చెబితేనే దేశానికి ముప్పన్నారు. చివరికి అటార్నీ జనరలే సంతకం చేసిన పత్రంతో దేశ రహస్యాల మినహాయింపు కోరారు. వీసా లేక ఆమె విచారణకు రాలేకపోయారు. సాక్ష్యం చెప్పడానికి బయల్దేరిన కూతురు పుట్టుకతో అమెరికా పౌరురాలు. ఆమెను కౌలాలంపూర్‌లో విమానం ఎక్కనివ్వలేదు. విచారణ సాగుతుండగా పలుమార్లు కోర్టు గది ఖాళీ చేయించారు.

2014 జనవరిలో జడ్జి విలియం ఆల్సప్ తీర్పు ఇచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. 2004 నవంబరులో ఒక ఎఫ్‌బీఐ ఏజెంటు ఆమె పేరు మీద ఒక ఫారం నింపాడు. అందులో నిఘా జాబితాల పేర్లు, వాటి పక్కన గళ్లు ఉన్నాయి. ఆమెను ఏ జాబితాలో చేర్చకూడదో ఆ గడిలో టిక్కు పెట్టమని ఫారం మీద ఉంది. ఏజెంటు దాన్ని తిరగేసి అర్థం చేసుకున్నాడు. నో ఫ్లై జాబితాలో ఆమెను చేర్చే ఉద్దేశం అతనికి లేదు, అందుకే ఆ గడిని ఖాళీగా వదిలాడు. ఖాళీగా వదిలితే చేర్చమని అర్థం. తన పొరపాటు అతనికే తెలిసింది 2013లో, లాయర్లు ఆ ఫారం ముందుపెట్టి ప్రశ్నించినప్పుడు. ఆమె దేశానికి ముప్పు కాదని ప్రభుత్వమే కోర్టులో ఒప్పుకుంది. కోయవలసిన వేలికి బదులు వైద్యుడు పక్క వేలు కోసినట్టుందని జడ్జి రాశారు. పొరపాటు మానవసహజమే గాని, దాని ఫలితం చిన్నది కాదని ఆయన మాట.

తప్పులు ఎవరైనా చేస్తారు. ఫారం అంత తికమకగా ఉంటే ఇంకా చేస్తారు. నాకు మింగుడుపడనిది కేసు నడిచిన ఎనిమిదేళ్లు. ఆ ఫారం ఒక్కసారి తీసి చూస్తే తేలిపోయే విషయాన్ని దేశ రహస్యమని వాదించడానికి ఒక ప్రభుత్వం ఇన్నేళ్లు తన లాయర్లను నియోగించింది. దాని వల్ల ఏ విమానం భద్రంగా ఎగిరింది? జాబితాలో తప్పు పేరు ఉంటే అసలు ముప్పు మీద పెట్టవలసిన కన్ను పక్కకు పోతుంది. కాబట్టి తప్పు దిద్దుకునే దారి భద్రతలో భాగమే.

ఇలాంటి తప్పు పెద్దవాళ్లకు జరిగితే ఎలా ఉంటుందో సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ 2004లో సెనేట్ విచారణలోనే చెప్పారు. ఆయన పేరును పోలిన మారుపేరు ఏదో జాబితాలో ఉందని పలుమార్లు ఆపారు. దేశమంతా ఎరిగిన ఆ ముఖానికే జాబితా నుంచి బయటపడడానికి హోంల్యాండ్ సెక్యూరిటీ, అంటే దేశ అంతర్గత భద్రతా శాఖ, మంత్రి స్థాయి సాయం కావలసి వచ్చింది.

మిగతావారికి ఉన్న దారి ఒక దరఖాస్తు. అది పెట్టుకుంటే కొంతకాలానికి ఉత్తరం వచ్చేది. మీ వివరాలు పరిశీలించాం, అవసరమైతే దిద్దుబాటు చేశాం, మీ పేరు జాబితాలో ఉందనీ లేదనీ చెప్పలేం అని అందులోని సారాంశం. 2014 జూన్‌లో ఒరెగన్‌లోని ఫెడరల్ జడ్జి అన్నా బ్రౌన్, 13 మంది వేసిన కేసులో, ఈ పద్ధతి రాజ్యాంగం హామీ ఇచ్చే న్యాయ ప్రక్రియకు విరుద్ధమని తేల్చారు. ఆ 13 మందిలో అమెరికా సైన్యంలో పనిచేసినవారూ ఉన్నారు. ఆ తీర్పు తర్వాత, 2015 నుంచి, అమెరికా పౌరులకూ శాశ్వత నివాసులకూ వారి పేరు నో ఫ్లై జాబితాలో ఉందో లేదో చెప్పడం మొదలుపెట్టారు. ఉద్యోగ వీసా మీద అక్కడున్న మన తెలుగువారికి, పిల్లలను చూడడానికి వెళ్లే తల్లిదండ్రులకు ఆ వెసులుబాటు లేదు. బోర్డింగ్ పాసు మీద "ఎస్ఎస్ఎస్ఎస్" అనే నాలుగు అక్షరాలు పడితే వారిని పక్కకు తీసుకెళ్లి సంచులన్నీ విప్పుతారు. ఎందుకు పడ్డాయో ఎవరూ చెప్పరు.

మరో రెండు కేసులు కూడా చెప్పుకోవాలి. మసీదులో తోటివారి మీద నిఘా పెట్టి సమాచారం ఇవ్వడానికి ఒప్పుకోనందుకే తమను నో ఫ్లై జాబితాలో పెట్టారని కొందరు ముస్లింలు ఆరోపించారు. అలాంటివారు ఆయా అధికారుల నుంచి వ్యక్తిగతంగా నష్టపరిహారం కోరవచ్చని 2020 డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. యోనాస్ ఫిక్రే అనే పౌరుడి కేసులో ప్రభుత్వం, వ్యాజ్యం నడుస్తుండగా ఆయన పేరు తీసేసి, ఇక కేసు అక్కర్లేదు కదా అంది. ఎందుకు పెట్టారో, మళ్లీ ఎందుకు పెట్టరో చెప్పకుండా పేరు తీసేస్తే కేసు ముగిసినట్టు కాదని 2024 మార్చిలో అదే కోర్టు, మళ్లీ ఏకగ్రీవంగా, తేల్చింది. తీర్పుకు భయపడి పేరు తీసేయడం ఒక ఎత్తుగడగా మారిపోతోందని తెలిసినవారికి ఈ రెండో తీర్పు విలువ అర్థమవుతుంది.

యంత్రం ముందు మనిషి

క్రిస్మస్ ఘటన తర్వాత అమెరికా విమానాశ్రయాల్లో బట్టల కింది శరీరాన్ని చూసే స్కానర్లు విస్తృతంగా వచ్చాయి. తొలి యంత్రాలు మనిషి నగ్నరూపాన్ని దాదాపుగా తెర మీద చూపేవి. వేరే గదిలో కూర్చున్న ఉద్యోగి దాన్ని చూసేవాడు. బొమ్మలు నిల్వ ఉండవని టీఎస్ఏ హామీ ఇచ్చింది. ఎపిక్ అనే గోప్యతా హక్కుల సంస్థ సమాచార చట్టం కింద కొనుగోలు పత్రాలు తెప్పించింది. పరీక్షల కోసం బొమ్మలు దాచి, పంపగలిగే సామర్థ్యం యంత్రానికి ఉండాలని టీఎస్ఏనే అందులో షరతు పెట్టినట్టు తేలింది. విమానాశ్రయంలో దాన్ని కట్టేసి ఉంచుతామన్నది వారి వివరణ. 2010లో, ఫ్లోరిడాలోని ఒక ఫెడరల్ కోర్టు భవనంలో ఇలాంటి యంత్రం 35,000 బొమ్మలు నిల్వ చేసినట్టు బయటపడింది.

ఎపిక్ కోర్టుకు వెళ్లింది. 2011 జులైలో వాషింగ్టన్ అప్పీలు కోర్టు రెండు మాటలు చెప్పింది. స్కానర్లు రాజ్యాంగ విరుద్ధం కావు. కానీ ఇంత పెద్ద మార్పు తెచ్చేముందు ప్రజల అభిప్రాయాలు అడగాలన్న చట్టాన్ని టీఎస్ఏ పాటించలేదు. ఆ అభిప్రాయ సేకరణ మొదలుపెట్టడానికి 2013 మార్చి, తుది నిబంధన రావడానికి 2016 మార్చి అయ్యాయి. ఈలోగా ప్రజల ఒత్తిడితో కాంగ్రెస్ ఒక గడువు పెట్టింది. శరీరాన్ని చూపకుండా, ఒక సాధారణ మనిషి బొమ్మ మీద అనుమానం ఉన్న చోట మాత్రమే గుర్తు చూపించే సాఫ్ట్‌వేర్ వాడాలని. దాన్ని అమర్చుకోలేని ఎక్స్‌రే రకం యంత్రాలను 2013లో తొలగించారు.

భద్రత, స్వేచ్ఛ ఒకదాన్ని తగ్గిస్తే గాని మరొకటి పెరగదన్న భావన ఎంత తప్పో ఈ ఉదాహరణ చెబుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్‌తో ప్రయాణికుడి మర్యాద దక్కింది, చూసే గదిలో ఉద్యోగి అక్కర్లేకపోయాడు, యంత్రం మునుపటిలాగే పనిచేసింది. ఆ ఆలోచన టీఎస్ఏకు ముందే ఎందుకు రాలేదంటే, అడిగేవాళ్లు లేరు. అభిప్రాయ సేకరణ మొదట్లోనే చేసి ఉంటే అన్ని లక్షల మంది ఆ అవమానం పడనక్కర్లేదు.

రహస్యం కప్పిపుచ్చే లోపాలు

రాబర్ట్ మెక్లీన్ అమెరికాలో ఎయిర్ మార్షల్, అంటే మఫ్టీలో విమానంలో కూర్చునే సాయుధ గార్డు. 2003 జులైలో కొత్త హైజాక్ కుట్ర గురించి హెచ్చరిక వచ్చింది. ఆ తర్వాత కొద్ది రోజులకే, రాత్రి బస అవసరమయ్యే ప్రయాణాలను కొన్నాళ్లు రద్దు చేస్తున్నామని మార్షల్స్ ఫోన్లకు సందేశం వచ్చింది. కారణం హోటల్ ఖర్చులు. అది మామూలు ఫోన్లకు, ఏ రహస్య ముద్రా లేకుండా వచ్చిన సందేశం. పైవారికి చెప్పినా ఫలితం లేకపోయేసరికి మెక్లీన్ ఒక విలేకరికి చెప్పారు. వార్త రాగానే కాంగ్రెస్ సభ్యులు మండిపడ్డారు, ప్రభుత్వం ఆ ఆదేశం వెనక్కి తీసుకుంది. అంటే ఒక ఉద్యోగి నోరు విప్పడం వల్ల విమానాలకు కాపలా నిలిచింది.

2006లో ఆయన ఉద్యోగం తీసేశారు. తీసేసిన తర్వాత, ఆ సందేశం "సున్నితమైన భద్రతా సమాచారం" అని ముద్ర వేశారు. 2015 జనవరి 21న సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా మెక్లీన్ పక్షాన తీర్పు చెప్పింది. చట్టం నిషేధించిన సమాచారం వెల్లడిస్తే, లోపాలు బయటపెట్టే ఉద్యోగికి ఉండే రక్షణ ఉండదు. కానీ ఒక సంస్థ తనకు తాను రాసుకున్న నిబంధన చట్టం కాదు, అని దాని సారం. ఆ వాక్యం చదివితే గిల్మోర్‌కు కోర్టులు ఇవ్వని జవాబులో సగం దొరికినట్టు నాకు అనిపించింది.

అదే ఏడాది జూన్‌లో మరో విషయం బయటికి పొక్కింది. హోంల్యాండ్ సెక్యూరిటీ తనిఖీ విభాగం మనుషులు మామూలు ప్రయాణికుల్లా వెళ్లి, నకిలీ ఆయుధాలు, నకిలీ బాంబులు దాటించి చూశారు. 70 సార్లు ప్రయత్నిస్తే 67 సార్లు దాటిపోయాయి. ఒక సందర్భంలో యంత్రం మోగింది, సిబ్బంది చేత్తో తడిమి చూశారు, అయినా వీపుకు అంటించిన నకిలీ బాంబును పట్టలేకపోయారు. టీఎస్ఏ తాత్కాలిక అధిపతిని ఆ పదవి నుంచి తప్పించారు. ఈ లెక్క రహస్యంగానే ఉండి ఉంటే ఆ మార్పు జరిగేదా? చెప్పులు విప్పి, బెల్టు తీసి, నీళ్ల సీసా పారేసి వరుసలో నిలబడిన కోట్లమంది తమ త్యాగానికి బదులుగా ఏం దక్కుతోందో తెలుసుకునే హక్కు లేనివాళ్లా? ఏ విమానాశ్రయంలో ఏ లోపం ఉందో చెప్పనక్కర్లేదు. మొత్తం మీద ఎంత శాతం విఫలమవుతున్నారో చెబితే దాడి చేసేవాడికి కొత్తగా తెలిసేదేమీ లేదు, పాలకులను అడిగే జనానికి మాత్రం చాలా తెలుస్తుంది.

మన గడప

ఈ వాదం మనకు అరువు తెచ్చుకున్నది కాదు. 1977 జులైలో మేనకా గాంధీ పాస్‌పోర్టును "ప్రజాప్రయోజనం" పేరిట స్వాధీనం చేసుకుంటున్నట్టు ఆమెకు ఉత్తరం వచ్చింది. కారణాలు అడిగితే, కారణాలు చెప్పకపోవడం కూడా ప్రజాప్రయోజనం కోసమే అన్నారు. 1978 జనవరి 25న ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, దాన్ని తీసుకునే ప్రక్రియ న్యాయంగా, సమంజసంగా ఉండాలనీ, ఆ మనిషి మాట వినాలనీ చెప్పింది. వ్యక్తి స్వేచ్ఛకు హామీ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణాన్ని చదివే తీరునే ఆ తీర్పు మార్చింది.

అయినా లుకవుట్ సర్క్యులర్లు నడుస్తూనే ఉన్నాయి. ఒకరిని దేశం దాటనివ్వవద్దని ఏదో సంస్థ కోరితే ఇమిగ్రేషన్ కంప్యూటర్లలో పేరు పడుతుంది. ఇది ఏళ్ల తరబడి పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టమేదీ లేకుండానే, హోంశాఖ ఆఫీసు మెమోరాండాల మీద నడిచింది. పేరు పడిన సంగతి చాలామందికి ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గరే తెలుస్తుంది. 2015 జనవరి 11న పర్యావరణ కార్యకర్త ప్రియా పిళ్లైని ఢిల్లీలో లండన్ విమానం ఎక్కకుండా ఆపారు. మహాన్ బొగ్గు గనుల గురించి బ్రిటన్ పార్లమెంటు సభ్యులతో మాట్లాడడానికి ఆమె వెళ్తున్నారు. పాస్‌పోర్టు మీద "ఆఫ్‌లోడ్" అని ముద్ర కొట్టారు. రెండు నెలలకు ఢిల్లీ హైకోర్టు ఆ సర్క్యులరును కొట్టివేసి, ఆ ముద్రను కూడా తొలగించమంది. భిన్నాభిప్రాయం దేశానికి ముప్పు కాదన్నది ఆ తీర్పు ధోరణి.

2018లో ఈ సర్క్యులర్లు కోరే అధికారాన్ని ప్రభుత్వ రంగ బ్యాంకుల అధిపతులకూ ఇచ్చారు. అప్పు వసూలు చేసుకోవలసిన బ్యాంకే, అప్పు తీసుకున్నవాడి ప్రయాణాన్ని ఆపే అధికారి అయింది. 2024 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు ఆ అధికారాన్ని రద్దు చేసింది. 2021 మార్గదర్శకాల ప్రకారం ఒకసారి పడిన సర్క్యులరు, కోరిన సంస్థే తీసేయమనేవరకు అలాగే ఉంటుంది. గడువు లేని అనుమానం ఇది. నేరస్థులు పారిపోకుండా ఆపడానికి సర్క్యులర్లు అవసరమే. ఆపిన వెంటనే ఎవరు కోరారో, ఏ కారణంతోనో రాసిన కాగితం చేతికివ్వడానికి, ఏడాదికోసారి పునఃసమీక్షించడానికి అడ్డేమిటో ఏ ప్రభుత్వమూ ఒప్పించేలా చెప్పలేదు.

మన దగ్గరే ఒక మంచి నమూనా కూడా ఉంది. విమానంలో గొడవ చేసేవారి కోసం 2017లో పౌర విమానయాన డైరెక్టరేట్ తెచ్చిన నో ఫ్లై నిబంధనలు చూడండి. ప్రవర్తనను మూడు స్థాయులుగా విడదీశారు. దుర్భాషకు 3 నెలల వరకు, చేయి చేసుకుంటే 6 నెలల వరకు, ప్రాణాపాయం కలిగించేదానికి కనీసం 2 ఏళ్లు నిషేధం. రిటైర్డు జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ తేలుస్తుంది, ఆ పైన హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఉన్న కమిటీకి అప్పీలు. తప్పేమిటో, శిక్ష ఎంతకాలమో, ఎవరిని అడగాలో అన్నీ ముందే రాసి ఉన్నాయి. ఉగ్రవాద నిఘాకు ఇదంతా యథాతథంగా సరిపోదు. అయినా మనిషిని విమానం ఎక్కకుండా ఆపే విధానం ఇంత స్పష్టంగా రాయవచ్చని ఇది రుజువు చేస్తోంది.

దీనికి పూర్తి భిన్నమైన చిత్రం డిజియాత్రది. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలైన ఈ ముఖ గుర్తింపు పద్ధతి మరుసటి ఏడాది శంషాబాద్‌కు వచ్చింది. 2024 సెప్టెంబరులో విశాఖపట్నం నుంచే కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు మరికొన్ని విమానాశ్రయాల్లో ప్రారంభించారు. వివరాలు ప్రయాణికుడి ఫోనులోనే ఉంటాయని, విమానాశ్రయానికి ఇచ్చినవి విమానం బయల్దేరిన 24 గంటల్లో చెరిపేస్తారని చెబుతున్నారు. ఇది పూర్తిగా స్వచ్ఛందమనీ చెబుతున్నారు. కానీ అడగకుండానే గుమ్మం దగ్గర ముఖం ఫోటో తీసి చేర్చేస్తున్నారని ఫిర్యాదులు వచ్చాయి.

చెరిపారో లేదో చూసేదెవరు? డిజియాత్రను నడిపేది ఒక లాభాపేక్ష లేని కంపెనీ. అందులో భారత విమానాశ్రయాల సంస్థకు 26 శాతం వాటా. మిగతా 74 శాతం ఢిల్లీ, ముంబై, బెంగళూరు, హైదరాబాద్, కొచ్చి విమానాశ్రయ కంపెనీలది. కాబట్టి తాము సమాచార హక్కు చట్టం పరిధిలోకి రామన్నది ఆ సంస్థ వైఖరి. గేటు దగ్గర నిలబడే సీఐఎస్ఎఫ్ ఎలాగూ ఆ చట్టంలోని రెండో షెడ్యూలులో ఉంది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప మరేదీ అడగలేం. 2023 వ్యక్తిగత డేటా చట్టంలోని 17వ సెక్షన్ భద్రత పేరిట ప్రభుత్వ సంస్థలను మినహాయించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. ముఖం మనది, గేటు ప్రభుత్వ భద్రతా దళానిది, కంప్యూటర్ కంపెనీది. అడగడానికి మాత్రం ఒక కిటికీ లేదు.

ఇక్కడ దాచవలసిన సాంకేతిక వివరాలు ఉంటే ఉండనీయండి. ముఖాలను ఎంత శాతం తప్పుగా గుర్తిస్తోందో, ముదురు చర్మం ఉన్నవారి విషయంలో, వృద్ధుల విషయంలో ఆ శాతం మారుతోందో, డేటా చెరిపినట్టు బయటి ఆడిటరు ధ్రువీకరించారో, పోలీసులు ఎన్నిసార్లు వివరాలు అడిగారో ఏడాదికోసారి ప్రకటిస్తే ఏ ఉగ్రవాదికీ మేలు జరగదు. డిజియాత్ర ఫౌండేషన్‌ను సమాచార హక్కు కిందికి తేవడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, విమానాశ్రయాల సంస్థ వాటానూ, ప్రభుత్వ విధానం మీద అది నడుస్తున్న తీరునూ చూసి ప్రభుత్వమే ఒప్పుకుంటే చాలు. అంతవరకు శంషాబాద్‌లోనో విశాఖలోనో గుమ్మం దగ్గర ఎవరైనా ఫోటో కోసం ఫోను ఎత్తితే వద్దని చెప్పవచ్చు. మామూలు కార్డు చూపే వరుసలో వెళ్లవచ్చు. ఆ వరుసకు చాలినంత మంది సిబ్బందిని ఉంచుతున్నారా, లేక దాన్ని పొడుగు చేసి జనాన్ని కెమెరా వైపు తోస్తున్నారా అన్నది గమనించి, రెండోదే జరుగుతుంటే విమానాశ్రయ నిర్వాహకులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.